రెండు బట్టీలు

పిడుగురాళ్ళ పొలిమేర చేరకముందే దారి తెల్లబడును. చెట్ల యాకులపైన, ఇండ్ల కప్పులపైన, బాటప్రక్క నిలిచిన లారీల యద్దములపైన సున్నపుదూళి పేరుకొని యుండును. ఆ దారినే గత వేసవిలో నా పూర్వశిష్యుఁ డొకఁడు నన్నుఁ జూడ నరసరావుపేట వచ్చెను. తండ్రి సున్నపుబట్టీలో రాయి మోసి, బొగ్గు పఱచి, కాలిన సున్నమును దింపు కూలి. పిల్లవాఁడు పదవతరగతివఱకు నాయొద్ద చదివి, పిమ్మట కెమికల్ ఇంజనీరింగులోఁ జేరి, నాలుగేండ్లు ముగించినాఁడు. పట్టము నేఁడో రేపో చేతికి రానున్నది. మార్కులు నూటికి ఎనుబది దాఁటినవి. నాకు సంతోషమైనది. మాటలలో మాటగా నడిగితిని.

"ఏమిరా, మీ నాయన బట్టీలో టన్ను సున్నము దిగవలెనన్న బొగ్గెంత పట్టును?"

"అది మా సిలబస్సులో లేదండీ, మాస్టారూ."

"పోనీ, రాయి యెంత పట్టును?"

వాఁడు కొంతసేపు నేలచూపు చూచి, "మా నాయనకైతే తెలుసునండీ" అనెను.

ఆ మాటయే యీ వ్యాసమునకుఁ గారణము. వాఁడు మందమతి కాఁడు, సోమరియుఁ గాఁడు. మా పాఠశాలనుండి వెడలిన తెలివైన పిల్లలలో నొకఁడు. కావుననే నాకు భయము గలిగినది.

ముందు లెక్క చెప్పెదను. నేను సంస్కృతము చదివి, ఇంగ్లీషు చెప్పి జీవించువాఁడను. నాకుఁ దెలిసిన రసాయనశాస్త్రము పదవతరగతి పుస్తకమును మిక్కిలి మీఱినది కాదు. అందున్నదే యిది: సున్నపురాయి 100 పాళ్ళు కాలినయెడల 56 పాళ్ళు సున్నము మిగులును, 44 పాళ్ళు బొగ్గుపులుసుగాలియై పోవును. కావున టన్ను సున్నమునకు స్వచ్ఛమైన రాయి సుమారు 1,786 కిలోలు కావలెను. రాయి విడిపోవుటకు 900 డిగ్రీల చేరువ వేఁడిమి యుండవలెను. అందుకుఁ బట్టు ఉష్ణము కిలో సున్నమునకు సుమారు 760 కిలోకేలరీలు. కిలోకు 5,000 కిలోకేలరీల నిచ్చు బొగ్గు వాడి, ఉష్ణమంతయు రాయికే చెందినదనుకొన్నచో, టన్నునకు 150 కిలోల బొగ్గు చాలును. వాస్తవమున నే బట్టీకిని అది చాలదు. పైకిఁ బోవు పొగతోఁ గొంత, గోడల గుండఁ గొంత, దింపిన వేఁడిసున్నముతోఁ గొంత, కాలక నీఱులో మిగిలిన బొగ్గుతోఁ గొంత పోవుచున్నది. ఎచట నెంత పోవుచున్నదో కనుఁగొనుటయే కెమికల్ ఇంజనీరింగునకుఁ దొలిపాఠము. లోనికి వచ్చిన ద్రవ్య మెంత, వెలికిఁ బోయిన దెంత, లోన నిలిచిన దెంత – పూర్వపు పల్లెకరణము సైత మెఱిఁగిన జమాఖర్చే యిది. ఉష్ణమునకును ఇట్టి ఖాతాయే యొకటి వేఱుగఁ దెఱువవలెను.

ఈ జమాఖర్చును మా వాఁడు రెండవయేఁటనే చదివెను. దానిలో మంచి మార్కులును దెచ్చుకొనెను. పుస్తకములోని లెక్కలలో ఇథిలీను వచ్చునట, బెంజీను వచ్చునట, టొలూయీను వచ్చునట. పిడుగురాళ్ళ సున్నము మాత్రము రాదట. వాని తండ్రికి అక్షరము రాదు. ఆయన దింపిన గడ్డను చేతఁ బట్టుకొని, లోన రాయి కాలినదో పచ్చిగా మిగిలినదో చెప్పును. కాలిన గడ్డ తేలిక, పచ్చిది బరువు. ఆ తేలికయే మన 44 పాళ్ళ లెక్క. నాలుగేండ్లు చదివిన కుమారునికి, నలువదియేండ్లు మోసిన తండ్రికి నడుమ ఈ యొక్కమాట యెవ్వరును గలుపలేదు.

తెలుగున బట్టీ యనఁగా రెండర్థములు. ఒకటి రాయి కాలునది, రెండవది మెదడు కాలునది. మొదటిదాని యొద్ద పుట్టిన పిల్లవానిని మనము నాలుగేండ్లపాటు రెండవదానిలోఁ బెట్టి, మొదటిదానిని మఱచిపోవునట్లు చేసితిమి. దానికిఁ బట్టమని పేరు పెట్టితిమి.

"పంతులుగారూ, మీరు శబ్దమంజరి చెప్పుకొనువారు, మీకు విశ్వవిద్యాలయముల ఇంజనీరింగుతో నేమి ప్రసక్తి?" యని చదువరులలోఁ గొంద ఱడుగవచ్చును. ప్రసక్తి కలదు. బట్టీయము అనునది మా వర్గమువారి సొత్తు. అర్థము తెలియకుండ అమరమును అప్పగించుట మేము వందలయేండ్లు సాధనచేసిన విద్య. అందలి రోగలక్షణము మాకుఁ దెలిసినట్లు వేఱొకరికిఁ దెలియదు. అమరము కంఠస్థము చేసినవాఁడు అర్థము తెలియకున్నను ఎవరిని జంపఁడు. ఉష్ణప్రసారసూత్రమును కంఠస్థము చేసి అర్థమెఱుఁగనివాఁడు చంపఁగలఁడు. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఈ శాస్త్రము పుట్టినదే కర్మాగారపు పొగలో. ఇంగ్లండులో క్షారకర్మాగారముల విషవాయువులను తనిఖీ చేయు నుద్యోగిగాఁ బనిచేసిన జార్జి డేవిస్ అనునాయన, తాను చూచినదానిని గూర్చి 1887లో మాంచెస్టరునందుఁ బండ్రెండు ఉపన్యాసము లిచ్చెను. మఱుసటియేఁడు 1888లో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున లూయిస్ నార్టను ఈ విద్యకు వేఱుగ నొక పాఠ్యక్రమము నేర్పఱచెను. 1915లో ఆర్థర్ లిటిల్ అనునాయన, కర్మాగారము లెన్నిరకము లున్నను అందు జరుగు పనులు – ఆఱఁబెట్టుట, వడగట్టుట, బట్టిపట్టుట, నూఱుట – కొన్నియే యని చెప్పి, శాస్త్రమునకు వెన్నెముక నిచ్చెను. ఆ మఱుసటి సంవత్సరమే, 1916లో, ఆ విద్యాలయమువారు కర్మాగారముల ప్రాంగణములలోనే బడి పెట్టిరి. విద్యార్థు లచటికిఁ బోవుదురు, ఉపాధ్యాయులును వారితోడఁ బోవుదురు. కర్మాగారమున నిజముగఁ బీడించుచున్న సమస్యను దీసికొని, కొలిచి, లెక్కించి, అచటివారి యెదుట నిలిచి సమాధానము చెప్పవలెను. నూఱేండ్లు దాఁటినను ఆ బడి మూఁతపడలేదు. మన దేశముననే పిలానీలోని సంస్థవారు 1973లో ఇట్టి పద్ధతి నారంభించిరి. కావున నేను కోరునది వింత గాదు.

దూరదేశపుమాట లెందుకు? మన యాంధ్రవిశ్వవిద్యాలయమువారు ఈ శాఖ నెట్లు మొదలుపెట్టిరో చూడుఁడు. 1926లో స్థాపితమైన యావిశ్వవిద్యాలయమునకు జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి దానముతో విజ్ఞానకళాశాల యేర్పడినది. 1933లో అందుఁ జక్కెరసాంకేతికవిద్య నారంభించిరి. నేఁటి కెమికల్ ఇంజనీరింగు శాఖకు మూల మదియే. ఆ చుట్టుప్రక్కల నున్నది చెఱకుపొలము. అనకాపల్లిలోఁ బెల్లపుబజారు. 1913నుండి యచ్చటఁ జెఱకుపరిశోధనకేంద్ర మున్నది. వారు చేసిన పని యేమి? కంటికెదుటనున్న పంటను జూచి, దానికిఁ దగిన విద్యను బెట్టిరి. ఆవిరిపట్టుట, గడ్డకట్టించుట, వడగట్టుట – శాస్త్రమంతయు నా చెఱకురసములోనే యున్నదని వారెఱుఁగుదురు. పిదప నది రసాయనసాంకేతికవిద్యగా విస్తరించుట సహజము. మన తప్పు విస్తరించుటలో లేదు. చెఱకును విడిచిపెట్టి, దాని స్థానమునఁ బాత ప్రశ్నపత్రములను బెట్టుటలో నున్నది.

తెనాలి ప్రాంతపు యలవర్రువాఁడైన యలవర్తి నాయుడమ్మగారి చరిత్ర యిఁక నొక నిదర్శనము. ఆయన కాశీ హిందూవిశ్వవిద్యాలయమున పారిశ్రామికరసాయనము చదివి, మద్రాసులో 1948లో నెలకొన్న కేంద్ర చర్మపరిశోధనాలయమునకు పిదపఁ గాలమున అధిపతియయ్యెను. తోలుపని యన్నంతనే ముక్కు మూసికొనిన సమాజము మనది. ఆయన తోళ్ళతొట్ల యొద్దకే పోయెను. ఆ పరిశోధనాలయమునకును, ప్రక్కనున్న అళగప్పచెట్టియారు సాంకేతికకళాశాలకును పొత్తు కుదిరినందున, చర్మసాంకేతికవిద్య చదువు పిల్లలు పరిశోధకులవద్దనే, తొట్లవద్దనే నేర్చిరి. విశ్వవిద్యాలయమునకు మైల యంటలేదు.

మన పూర్వులకును ఈ సంగతి తెలియనిది గాదు. రసశాస్త్రగ్రంథములలో రసశాల యెచట నుండవలెను, అందే మూసలు, ఏ కొలుములు, ఏ పాతనయంత్రము లుండవలెను అను విషయము ప్రత్యేకాధ్యాయముగ నున్నది. రసేంద్రచింతామణికర్త యైతే, తాను బోధించినదానిని చేసి చూపలేని గురువును రంగస్థలముపై వేషగానితోఁ బోల్చెను. (మాచెర్లప్రాంతమున నున్న మనకు రసవాద మనఁగనే నాగార్జునాచార్యుని తలఁచుకొని గర్వపడుట యలవాటు. కొండపై బోధించిన మాధ్యమికాచార్యుఁడును రసవాదియు నొక్కరే యనుట చరిత్రకు నిలుచునది కాదు. గర్వమునకు వేఱు కారణము వెదకికొందము.) ఇట్టి విద్య యేల క్షీణించినది? ఆచార్య ప్రఫుల్లచంద్రరాయిగారు తమ హిందూరసాయనశాస్త్రచరిత్రలో దీనికిఁ గారణము చెప్పిరి. చేతిపని క్రిందికులములకు వదలఁబడినది, ఆలోచన పైకులముల పాలైనది. పనిచేయువానికి 'ఏల' యను ప్రశ్న లేదు, ప్రశ్న వేయువానికిఁ జేయి లేదు. పండ్రెండవ శతాబ్దమునఁ బలనాఁట బ్రహ్మనాయుఁడు అన్నికులములవారిని ఒక్క చాపపైఁ గూర్చుండఁబెట్టి చాపకూడు పెట్టెనని చెప్పుకొందుము. బట్టీకూలియు ఆచార్యుఁడును ఒక్క చాపపైఁ గూర్చుండు దినము మన విశ్వవిద్యాలయములకు నింకను రాలేదు.

ఇఁక నేఁటి బోధన యెట్లున్నదో చెప్పెదను. కొన్నియేండ్ల క్రింద నొక కళాశాల వార్షికోత్సవమునకు నన్ను తెలుగుపద్యము లప్పగించుటకుఁ బిలిచిరి. సభకు ముందు ప్రయోగశాల చూపిరి. రెండంతస్తుల యెత్తు బట్టిస్తంభము, గాజుగొట్టములు, ఆవిరికాఁగు – చూడముచ్చటగ నున్నవి. కాఁగుపై వ్రాసియున్న తేదీని బట్టి చూడఁగా అది తనిఖీ జరిగి యాఱేండ్లైనది. "ఎప్పుడు వెలిగింతురు?" అంటిని. "తనిఖీసంఘము వచ్చినప్పుడండీ" అని యొక యువకోపన్యాసకుఁడు నిజాయితీగఁ జెప్పెను. మఱి పిల్లల రికార్డులు? ఏఁటేఁట నొకటే రికార్డు. అందలి యంకెలు తాతలనాఁటివి. ప్రతివిద్యార్థికి నొకే యంకె వచ్చినచో దొరికిపోదురని, దశాంశమునందు మూఁడవస్థానమును మార్చు నేర్పు మాత్రము ప్రతితరమువారును సాధించుచున్నారు. అబద్ధపు కొలతను అందముగ వ్రాయుట నేర్చిన చేయి, రేపు కర్మాగారమున వేఁడిమాపకపు పుస్తకములో నేమి వ్రాయునో మీరే యూహింపుఁడు.

పరీక్ష యింకను ఘోరము. గడచిన ఐదేండ్ల ప్రశ్నలు చదివిన నుత్తీర్ణుఁ డగును, పదేండ్లవి చదివిన ప్రథమశ్రేణి. 'పారిశ్రామికశిక్షణ' యను నొక విధి యున్నది. కాగితముపైఁ జూచిన మంచిదే. అయితే ఆ కాగితము పట్టణములలో వెలకు దొరకుచున్నదని పిల్లలే నవ్వుచుఁ జెప్పుదురు. తనిఖీసంఘమునకుఁ గావలసినది ముద్ర, బిడ్డకుఁ గావలసినది మార్కు. కర్మాగారమువానికిఁ గావలసినది వీఱు తన గుమ్మము త్రొక్కకుండుట. మువ్వురును సంతుష్టులే.

ఉపాధ్యాయులను మాత్రము నిందించుట న్యాయము కాదు. వారిలోఁ బెక్కుమంది యిదే పద్ధతిని జదివి, పట్టముపైఁ బట్టము దీసికొని, కర్మాగారములో నొక్కమాసమైనఁ బనిచేయకయే పీఠ మెక్కినవారు. వారి పదోన్నతికి వ్యాసముల సంఖ్య లెక్కకు వచ్చును. ఎన్ని బట్టీలను బాగుచేసితి రనునది రాదు. ప్రైవేటుకళాశాలలలో నెలజీతము సకాలమున రాని యుపన్యాసకుఁడు కాఁగు వెలిగింపలేదని యెట్లు తిట్టుదుము? వ్యవస్థ యేది కొలుచునో మనుష్యుఁ డది పండించును.

ఇదంతయు నొక చదువుగొడవ యనుకొన్నచో నేనింత వ్రాయను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమున వేంకటాపురమునొద్ద స్టైరీను ఆవిరి ఊరిపైఁ బడినది. పండ్రెండుమంది మరణించిరి. నిద్రలో లేచి పరుగెత్తినవారు దారిలోనే కూలిరి. స్టైరీను తొట్టిలో నూరక నిలువయున్నను తనలో తాను జతగట్టుచు వేఁడిని పుట్టించును. ఆ వేఁడి జతగట్టుటను త్వరపఱచును. త్వర మఱింత వేఁడిని పుట్టించును. దానిని ఆపుటకు నిరోధకద్రవ్యము కలుపుదురు, తొట్టిని చల్లబఱతురు. లాక్‌డౌన్ దినములలోఁ గర్మాగారము నిలిచియుండఁగా, తొట్టిలో సరకు కదలక నిలిచియున్నది. ప్రభుత్వము నియమించిన సంఘము విచారించినప్పుడు తేలిన సంగతులలో నొకటి: వేఁడిమాపకము తొట్టి యడుగుభాగమున మాత్రమే యున్నది. చల్లబఱచిన ద్రవ మడుగునకుఁ జేరును, వేఁడిది పైకి లేచును. అడుగున నున్న మాపకము 'అంతయుఁ జల్లగానే యున్నది' యని చెప్పుచుండఁగా పైభాగము కాఁగిపోయినది. నిరోధకద్రవ్యమును చాలినంత లేదు.

వేఁడినీరు పైకి లేచు ననునది పాఠశాల పాఠము. పదిడిగ్రీలు వేఁడి పెరిగిన, పెక్కు రసాయనచర్యల వేగ మించుమించు రెట్టింపగు ననునది ఇంటర్మీడియట్ పాఠము. తొట్టిలో వేఁడిమి అన్నియెడల నొకటే యనుకొనుట పుస్తకపు లెక్కకు సౌకర్యము, ప్రతి సమస్యకును మొదటిపంక్తి యదే. ఆ పంక్తి నిజమగునో కాదో తొట్టియొద్దకుఁ బోయి చూడవలెనని మన తరగతిలో నెవరు చెప్పుచున్నారు? ఆ దుర్ఘటనకు బోధనయే కారణమని నే ననను. యజమానుల లోభము, తనిఖీదారుల యుపేక్ష వేఱుగ నున్నవి. అయినను మాపక మెచట నుండవలె నని యడుగఁగల యొక్క ఇంజనీరు ఆ తొట్టియొద్ద నుండియుండినచో? 1984 డిసెంబరులో భోపాలున తొట్టిని చల్లబఱచు యంత్రము నాపియుంచిరని లోకమంతకుఁ దెలియును. ముప్పదియైదేండ్ల పిదపను మనము ఆ పాఠము నేర్వలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున ద్రావకపు టావిరి యంటుకొని పదియేడుగురు పోయిరి. 2025 జూన్ 30న తెలంగాణములోని పాశమైలారమున నలువదిమందికిఁ బైగాఁ బోయిరి. ఈ కర్మాగారములకుఁ బనికిఁ బోవువారు మన పిల్లలే. నా శిష్యునికిని అచ్యుతాపురమునుండియే యుద్యోగపుఁబిలుపు వచ్చియున్నది.

అటువంటి దుర్ఘటనలపై విచారణసంఘముల నివేదికలకంటె మంచి పాఠ్యపుస్తక మేది? అవి యెన్ని తరగతులలోఁ జదువఁబడుచున్నవి? భద్రత యనునది నేఁడు పెక్కుచోట్ల ఇష్టమున్నచోఁ దీసికొను వైకల్పికవిషయము. వంటనేర్చువానికి నిప్పు వైకల్పికము!

ఆక్షేపణలు వినియున్నాను. "కర్మాగారమువారు మమ్ము రానీయరు" అందురు. ఒకదినము వచ్చి గుంపుగఁ జూచి, ఫలాహారము చేసి, ఛాయాచిత్రము దీసికొని పోవు పిల్లలను నేనును రానీయను. ఆఱుమాసము లుండి, వారి పొగలో నెంత యుష్ణము వృథాపోవుచున్నదో కొలిచి యిచ్చువారిని ఏ యజమానుఁడు కాదనును? మాచెర్లలో 1958నుండి సిమెంటు కర్మాగార మున్నది. అచటను రాయియే, కొలిమియే, జమాఖర్చే. పిడుగురాళ్ళ బట్టీలవారికి లక్షలజీతపు ఇంజనీరులు లేరు. బొగ్గుఖర్చులోఁ బదింట నొకపాలు తగ్గించి చూపినవానికి వారు దండము పెట్టుదురు. "విశ్వవిద్యాలయము సిద్ధాంతమునకుఁ గాని ఫిట్టరుపనికిఁ గాదు" అను వా దింకొకటి. సిద్ధాంతమునకు నేను శత్రువును గాను. పాణినిని జదివినవాఁడు సూత్రము నవమానింపఁడు. పాణిని సూత్రములు వాడుకభాష నెదుటఁ బెట్టుకొని చేసినవి. ప్రయోగము లేని సూత్రము వ్యాకరణముననే నిలువదు, కొలిమియొద్ద నిలుచునా?

"మా పిల్లలు సాఫ్టువేరునకుఁ బోవుదురు, సున్నపుబట్టీ వారికెందు?" కని తండ్రు లడుగుదురు. నిజమే, కంప్యూటరు సీటు దొరకనివాఁ డీ శాఖకు వచ్చుట యెల్లరెఱిఁగినదే. అందుకే శాఖను శాఖగాఁ జెప్పవలదా? ఇష్టములేక వచ్చినవానికి ఇష్టము పుట్టించు నుపాయము ప్రశ్నపత్రములో లేదు, మండుచున్న కొలిమిలోనైనఁ గలదు.

భాషను గూర్చి యొకమాట. ఇంగ్లీషు చెప్పి బ్రతుకువాఁడను గనుక నన్ను ద్వేషి యనరు. మా శిష్యుఁడు ఉష్ణప్రసారగుణకమును ఇంగ్లీషులో నిర్వచించెను, తప్పు లేదు. తెలుగులోఁ జెప్పుమన్నచో నోరు పెగలలేదు. తెలుగు రాక కాదు, అర్థము లేక. 1918లోనే ఉస్మానియావిశ్వవిద్యాలయమువారు శాస్త్రములను ఉర్దూలో బోధింపఁ బూనిరి. అందలి రాజకీయ మెట్లున్నను, దేశభాషలో నుచ్చవిద్య సాధ్యమని నిరూపించిరి. 2021లో సాంకేతికవిద్యామండలి ప్రాంతీయభాషలలో ఇంజనీరింగు బోధన కనుమతి నిచ్చినది. పుస్తకము లింగ్లీషులో నున్న నుండనిండు. మౌఖికపరీక్షలో విద్యార్థి తన తల్లిదండ్రుల భాషలోఁ జెప్పునట్లు చేయుఁడు. బట్టీపట్టినదేదో, తెలిసినదేదో యొక్క నిమిషములోఁ దేలును.

నేను కోరునది పరీక్షను మార్చుమని. తక్కినవి దాని వెనుక వచ్చును. మూఁడవయేఁటి యంతమున నొక సగము సంవత్సరము కర్మాగారముననే గడపవలెను. ఉపన్యాసకుఁడును వెంట నుండవలెను. చివరిపరీక్ష యచ్చటనే, ఆ కొలిమియొద్దనే జరుగవలెను. పరీక్షకులలో నొకఁడు ఆచార్యుఁడు, ఒకఁడు కర్మాగారపు టింజనీరు, ఒకఁడు ఇరువదియేండ్లు పనిచేసిన కూలిమేస్త్రి. మూఁడవవాఁ డడుగు ప్రశ్నలకు వెనుకటి పత్రములు దొరకవు. విశ్వవిద్యాలయ నిధిసంఘమువారు 2022లో, అనుభవజ్ఞులను పట్టము లేకున్నను ఆచార్యులుగాఁ బదింట నొకవంతువఱకు నియమించుకొనవచ్చునని దారి తెఱచిరి. ఆ స్థానములను పదవీవిరమణచేసిన పెద్ద అధికారులతో నింపక, కొలిమి నడిపినవారితో నింపవలెను. ఉపన్యాసకుఁ డైదేండ్ల కొకమాఱు ఆఱుమాసములు కర్మాగారమునఁ బనిచేసి రానిచో, వ్యాసము లెన్నియున్నను పదోన్నతి యుండరాదు. కాఁగు వెలుగని ప్రయోగశాలకు గుర్తింపు రద్దు చేయవలెను.

మా తప్పు నొప్పుకొనవలెను. పాఠశాలలోనే యీ రోగ మంటుచున్నది. సున్నమున నీరు పోసిన వేఁడియగు నని మేము నల్లబల్లపై సుద్దతో వ్రాసి చూపుదుము. సున్నపుబట్టీల నడుమ నున్న ప్రాంతమున! ఒక దొప్పెఁడు సున్నము తెప్పించి నీరు పోయించుటకు మాకెవరు అడ్డువచ్చిరి?

ఆ శిష్యుని మఱునాఁడు మరలఁ బిలిచి, తూనికకాటా యొకటి యిచ్చి, పిడుగురాళ్ళ పంపితిని. తండ్రియు కొడుకును కలిసి యైదుదినములు బట్టీలోఁ బడు రాయిని, బొగ్గును, దిగు సున్నమును, అందలి పచ్చిగడ్డలను వేఱువేఱుగఁ దూఁచి వ్రాసిరి. మా లెక్కలోని 150 కిలోలకు బదులు బొగ్గు రెట్టింపునకు దగ్గఱగా వచ్చినది. బొగ్గును రాయిని పొరలుగఁ బఱచు తీరు మార్చినచోఁ గొంత తగ్గునని తండ్రి చెప్పెనఁట. ఎంత తగ్గవచ్చునో కొడుకు లెక్కవేసెను. ఆ లెక్కకు వాఁడు రెండురాత్రులు పుస్తకములు తిరుగవేసెను. నాలుగేండ్లలో నంత యిష్టముగ నెన్నఁడును జదువలేదని వాఁడే చెప్పెను.

నలువదిపుటల ఆ నోటుపుస్తకమును కళాశాలకుఁ దీసికొనిపోయి, చివరిసంవత్సరపు ప్రాజెక్టుగా స్వీకరింతురా యని యడిగెను. ప్రాజెక్టు సమర్పణ ముగిసినదనియు, పైఁగా అందు ఆధారగ్రంథముల పట్టిక లేదనియుఁ జెప్పి పంపివేసిరి. పుస్తకము నాయొద్ద నున్నది. మొదటిపుటపై వాఁడు తన పేరు వ్రాసి, దానిక్రింద తండ్రిపేరు వ్రాసి, తండ్రిచేత వేలిముద్ర వేయించినాఁడు.